నా ముక్కు మీదికి చూడండి

ఆ వీధిలో చూపు మందగించిన ప్రతి మనిషికీ లోకం మళ్ళీ మొదలయ్యేది అద్దాలాయన మొహంతోనే.

పని అటువంటిది మరి. ముందు గదిలో కంటి డాక్టరు గోడమీది అక్షరాలు చదివించి, కాగితం మీద నంబరు రాసి పంపిస్తాడు. ఆ నంబరుకి తగ్గట్టు అద్దం అరగదీసి, ఫ్రేములో బిగించి, మనిషి ముక్కు మీద నిలబెట్టేది అద్దాలాయన. నిలబెట్టాలంటే ఎదురెదురుగా రెండు స్టూళ్ళేసుకుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. కంటిపాప ఎక్కడుందో చూసుకుని, సన్న పెన్నుతో అద్దం మీద చుక్క పెట్టాలి. చుక్క వెంట్రుకవాసి జరిగిందంటే ఆ మనిషికి చదునైన నేల గుంటలా కనిపిస్తుంది, పక్కింటి మెట్లు నడిచొచ్చి మొహానికి తగులుతాయి. అందుకని చుక్క పెట్టేటప్పుడు కన్ను కదలకూడదు. వచ్చిన వాళ్ళందరితోనూ ఆయన అనే మాట ఒకటే.

“నా ముక్కు మీదికి చూడండి. అటూ ఇటూ వద్దు. ముక్కు మీదికే.”

బయట వీధిలో తల్లులు పిల్లల చెయ్యి గిల్లి మరీ “అలా చూడకూడదు” అని చెప్పే మొహం అది. నుదుటి మీద శనగగింజలంతేసి, చెంపల మీద రేగుపళ్ళంతేసి, మెడ చుట్టూ నిమ్మకాయలంతేసి గడ్డలు. ఎడమ రెప్ప మీద కండ పెరిగి, ఖాళీ సంచిలా కంటి మీదికి వేలాడుతుంటుంది. లెక్కపెడదామని దిగినవాళ్ళు వంద దాటేసరికి లెక్క తప్పి, సిగ్గుపడి చూపు తిప్పుకునేవాళ్ళు. ఆయన పనంతా కుడి కంటితోనే. ఆ ఒక్క కంటితో ఆయన పెట్టిన చుక్క ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదని కంటి డాక్టరే చెప్పుకునేవాడు.

చుక్క పెట్టేటప్పుడు గొడవ లేదు. చూపు లేనివాళ్ళకి ఆయన మొహం కూడా అందరి మొహాల్లాగే ఒక మసక ముద్ద. అసలు తమాషా అద్దాలు తయారయ్యాక. రెండు చేతుల్తో పట్టుకుని, చెవుల వెనక్కి జార్చి, ముక్కు మీద ఆనించి ఆయన చేతులు తీసేస్తాడు. మబ్బు విడిపోతుంది. జానెడు దూరంలో, ఎండలో పెట్టినంత స్పష్టంగా, ఆ మొహం.

“అమ్మో!” అంటారు.

“హమ్మయ్య, నంబరు సరిపోయింది,” అంటాడు ఆయన. “మీరు అరవకపోతే మళ్ళీ అరగదీయాల్సొచ్చేది.”

వాళ్ళు నవ్వుతారు, సర్దుకుంటారు, చెవి వెనక నొక్కుతోందంటారు. ఆయన ఫ్రేము కాడని వేడి ఇసకలో పెట్టి వంచుతూ ఉంటాడు. అప్పుడు వస్తుంది ప్రశ్న. రాకుండా ఉండదు. “అవునూ, ఏమనుకోకు గానీ… ఆ మొహానికి ఏమైంది?”

ఏమనుకోకు గానీ అన్నవాళ్ళందరికీ ఏదో ఒకటి అనుకోవాల్సిందే చెప్పేవాడు అద్దాలాయన. మనిషికో ఫ్రేము, మనిషికో కథ. తిండిపుష్టి ఉన్నవాడైతే పుచ్చకాయల కథ: పందెం కాసి నలభై పుచ్చకాయలు గింజలతో సహా మింగితే, కడుపులో చోటు చాలక గింజలు పైకెక్కి మొలకెత్తాయి. పోలీసాయన వస్తే పిడుగు కథ: పిడుగుని వట్టి చేతుల్తో పట్టుకుని వెనక్కి విసిరేస్తే, అది విసురుకి చిట్లి నిప్పురవ్వలు మొహం మీద పడ్డాయి. ముసలమ్మలకి తేనెటీగల కథ. అది ఆయనకి ఇష్టమైన కథ. బస్సంత తేనెపట్టు కోయడానికి చెట్టెక్కితే, ఈగలు కుట్టడానికి రాలేదట, కాపురానికొచ్చాయట. ఒక్కో గడ్డలో ఒక్కో ఈగ నిద్రపోతోందట.

“ఎండాకాలం చెవి పెట్టి వింటే ఝుమ్మంటుంది మామ్మా.”

ఒక మామ్మ నిజంగానే వంగి, ఆయన మెడకి చెవి ఆనించింది. చాలాసేపు విన్నది. “అవున్రా నాయనా, వినిపిస్తోంది,” అని కళ్ళు తుడుచుకుని, కొత్త అద్దాలు తడిపేసుకుంది.

ఇదంతా సరదాకని అనుకునేవాళ్ళు. కంటి డాక్టరు కూడా అంతే అనుకునేవాడు. సరదా కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఆయనకీ, ఆయన భార్యకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన పుట్టి పెరిగింది వేరే ఊళ్ళో. అక్కడ తండ్రికీ ఇదే మొహం. ఆ తండ్రి నిజం మనిషి. ఎవరడిగినా దాపరికం లేకుండా “మా రక్తంలో ఉందయ్యా, మా అమ్మకీ ఉండేది, రేపు మావాడికీ రావచ్చు” అనేవాడు. ఆ ఒక్క మాటతో నున్నటి చర్మమున్న ఆరేళ్ళ కొడుకు వీధి మొత్తానికీ చూడదగ్గ వస్తువైపోయాడు. పాలు పోసేవాడు గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. పంతులుగారు తరగతిలో అందరి ముందూ చొక్కా పైకెత్తి, “ఇంకా మొదలవలేదురా” అని మెచ్చుకున్నట్టు వీపు తట్టేవాడు. ఎనిమిదేళ్ళు అలా కాచుకున్నారు, పండు ఎప్పుడు పండుతుందా అని చెట్టు కింద కూర్చున్నట్టు. పద్నాలుగో ఏట చెవి కింద మొదటి గింజ లేచిన రోజున, వీధంతా ఊపిరి వదిలింది. “చెప్పలా!” అన్నారు. ఆ మాటలో ఉన్న తృప్తిని ఆయన ఈనాటికీ మర్చిపోలేదు. గడ్డలు నొప్పెట్టలేదు. నొప్పెట్టింది ఆ ఎనిమిదేళ్ళు.

పిడుగు కొట్టినవాడి పిల్లల్ని ఎవరూ చొక్కా ఎత్తి చూడరు. తేనెటీగలు వంశపారంపర్యంగా రావు. అదీ లెక్క.

అద్దాలాయనకి ఒక్కతే కూతురు. బళ్ళో ఏం పేరున్నా ఇంట్లో అమ్మడే. అది కడుపులో ఉండగానే పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు, నాణెం ఎగరేసినట్టేనని, బొమ్మో బొరుసో. రెండేళ్ళు నిండేసరికి వీపు మీద ఏడు మచ్చలు తేలాయి, పల్చటి టీ ఒలికినట్టు. బొరుసే పడింది. “మచ్చలతోనే ఆగిపోవచ్చు. ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు,” అన్నాడు డాక్టరు. ఆ మొగుడూ పెళ్ళాలు ఆ మాటని పదకొండేళ్ళు నోట్లో పటికబెల్లంలా చప్పరిస్తూ బతికారు. పోయిన వానాకాలంలో అమ్మడి మోచేతి దగ్గర ఒక గింజ లేచింది. తర్వాత దాని పక్కనే ఇంకోటి.

“ఏంటమ్మా ఇవి?” అంది అమ్మడు.

“వేడి. చెమటకాయలు. తగ్గిపోతాయిలే. గోకకు,” అంది తల్లి. మర్నాడే పొడుగు చేతుల చొక్కాలు నాలుగు కుట్టించింది.

పదమూడేళ్ళ పిల్ల నమ్మింది. నమ్మక చస్తుందా? దానికి తన మోచేతి కంటే పెద్ద బాధ ఇంకోటుంది అప్పటికి. బళ్ళో పిల్లలందరి తాతలూ మామ్మలూ అద్దాలు పెట్టుకునేవాళ్ళే. తలా ఒక కథ మోసుకొచ్చి ఇళ్ళలో చెప్పినవాళ్ళే. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలు లెక్కలు తేల్చుకున్నారు.

“మా తాతకి పిడుగని చెప్పాడే మీ నాన్న.”

“మా మామ్మకి తేనెటీగలు!”

“మా బాబాయికి పుచ్చగింజలు. ఇంతకీ ఏదే నిజం? ఒకటి తీసుకోవే, నీకేది కావాలో!”

“కోతలోడి కూతురా, మీ ఇంట్లో నిజంగా అన్నమే తింటారా, అదీ కోతేనా?”

ఆ సాయంత్రం అమ్మడు ఇంటికొచ్చి పుస్తకాల సంచి గిరాటేసింది. “ఎందుకు నాన్నా అబద్ధాలు చెప్తావ్?”

“అబద్ధాలేంటే, కథలు.”

“నీ మొహమంటే నీకు సిగ్గు. అందుకే.”

అద్దాలాయన సంచి తీసి గోడకి ఆనించాడు. “సిగ్గయితే అంతమంది ఎదురుగా కూర్చుని చూడమంటానా?”

“అయితే నిజం చెప్పు. ఒక్కళ్ళకి. ఒక్కసారి. నేను వింటుండగా. అప్పటిదాకా నీతో మాట్లాడను.”

అన్నంత పనీ చేసింది. పదకొండు రోజులు మాట్లాడలేదు. భోజనాల దగ్గర “అమ్మా, నాన్నని ఉప్పు ఇటివ్వమను” అనేది. నాన్న ఉప్పు ఇచ్చి “అమ్మడికి మజ్జిగ కావాలేమో అడుగు” అనేవాడు. మధ్యలో తల్లి ఇటో మాటా అటో మాటా మోసి మోసి విసిగిపోయింది.

“నిజం ముందు చెప్పాల్సింది దానికండీ. బయటివాళ్ళకి కాదు,” అంది ఒకనాడు బట్టలు మడతపెడుతూ.

“పరీక్షలవనీ.”

“పోయినేడాది కూడా పరీక్షలవనీ అన్నారు. వాటికి ముందు నెలసరి పరీక్షలవనీ అన్నారు. మీరు ఏ పరీక్షలకి భయపడుతున్నారో నాకు తెలుసు లెండి.”

వీధి మొత్తానికి వంద కథలు చెప్పగలవాడికి, కూతురికి ఒక్క నిజం చెప్పడానికి నాలుక లేవలేదు. దాని బదులు ఒక అడ్డదారి ఆలోచించాడు. ఊళ్ళో వాళ్ళకి చెబితే ముప్పు. ఇవాళ వచ్చి రేపు పోయే మనిషికి చెబితే? నిజం ఆ మనిషితో పాటే బండెక్కి వెళ్ళిపోతుంది. అమ్మడు వింటుంది, అలక తీరుతుంది. పాము చావదు, కర్ర విరగదు.

పన్నెండో రోజు సాయంత్రం అలాంటి మనిషే వచ్చింది. చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో రెండు ముక్కలైన కళ్ళజోడు. బస్సు దిగుతుంటే కిందపడి విరిగిందట. నంబరు పెద్దది. జోడు లేకపోతే తన చెయ్యి తనకే కనపడని మనిషి.

“తొందరగా చెయ్యండి బాబూ, రేపు పొద్దున్నే మళ్ళీ బండెక్కాలి,” అంది.

బండెక్కాలి అన్న మాట వినగానే అద్దాలాయన వెనక తెర వైపు చూశాడు. తల్లి పని నుంచి వచ్చేదాకా అమ్మడు రోజూ కొట్టులోనే ఉంటుంది. అలకలోనూ అలవాటు తప్పలేదు. తెర వెనక అరగదీసే గదిలో కూర్చుని, చక్రం మీంచి దిగిన అద్దాల్ని నీళ్ళలో కడిగి గుడ్డతో తుడుస్తుంది. చక్రానికి పడే నీళ్ళు ఎగిరి మీద పడతాయని అక్కడ మాత్రం చొక్కా చేతులు పైకి మడుచుకుంటుంది. ఆ గదిలో చూసేవాళ్ళెవరూ ఉండరు గనక తల్లి కూడా ఏమీ అనేది కాదు.

గంటన్నరలో జోడు తయారైంది. అద్దాలాయన ఆవిడ ఎదురుగా కూర్చుని, కాడలు చెవుల వెనక్కి జార్చి, చేతులు తీసేశాడు.

“అయ్యో రామా!” అంది సూట్‌కేసావిడ.

“నంబరు సరిపోయింది,” అన్నాడు ఆయన. కానీ గొంతు ఎప్పటిలా లేదు.

ఆవిడ మంచి మనిషే. వెంటనే సర్దుకుంది. “ఏమనుకోకండి బాబూ. ఏమైంది మొహానికి?”

తెర వెనక గుడ్డ చప్పుడు ఆగింది. అద్దాలాయన ఆ గదిలోకి వినపడేంత గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

“ఏమీ అవలేదండి. ఇదొక జబ్బు. నరాల మీద గడ్డలు లేస్తాయి. అంటుకోదు. నొప్పుండదు. పుట్టుకతో వస్తుంది.”

అక్కడితో ఆపాల్సింది. కథ ఎక్కడ ఆపాలో ఆయనకి బాగా తెలుసు. నిజం ఎక్కడ ఆపాలో తెలియదు, అలవాటు లేదు. నలభయ్యేళ్ళుగా మూతేసి ఉంచిన సీసా, మూత తీస్తే సగంలో ఆగలేదు.

“మా నాన్నకీ ఉండేదండి. మా నాయనమ్మకీ. మా రక్తంలో ఉంది.”

తెర పక్కకి జరిగింది. అమ్మడు గుమ్మంలో నిలబడి ఉంది, తడిగుడ్డ చేతిలో, చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి మొహమంతా నవ్వుతో.

“నాన్నా!” అంది. అంతే.

ఆ ఒక్క మాట కోసం ఆయన ఇంకో వంద మందికి నిజం చెప్పేవాడు.

“మీ అమ్మాయా? ఎంత కళగా ఉందో! ఇలా రా తల్లీ,” అని సూట్‌కేసావిడ దాని చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకుంది. కొత్త అద్దాలు. చుక్క వెంట్రుకవాసి కూడా తప్పని అద్దాలు. ఆవిడ చూపు పిల్ల మొహం మీంచి భుజానికి, భుజం మీంచి మోచేతికి దిగింది. అక్కడ ఆగింది. వేలితో మెల్లగా నిమిరింది.

“అయ్యో తల్లీ… నీకూ మొదలయ్యాయా?”

ముందు గదిలో డాక్టరు ఎవరిచేతో అక్షరాలు చదివిస్తున్నాడు.

“ఇదిగో, ఇక్కడొకటి. ఇక్కడ ఇంకోటి. ఈ కింద కూడా లేస్తున్నట్టుంది బాబూ.”

“చెమటకాయలండీ,” అన్నాడు అద్దాలాయన.

అమ్మడు తల తిప్పి తండ్రి మొహంలోకి చూసింది. పుట్టినప్పటి నుంచీ ఆ గొంతు పక్కన పడుకుని కథలు విన్న పిల్ల. కథ చెప్పేటప్పుడు ఆ గొంతు ఎలా ఉంటుందో లోకంలో ఇంకెవరికీ తెలియనంతగా దానికి తెలుసు. నవ్వు ఎక్కడికీ పోలేదు, మొహం మీదే ఉండి చల్లారిపోయింది, ఎవరూ తాగని టీలా.

చొక్కా చేతులు కిందికి దించుకుంది. లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన తెర తీసి చూసేసరికి, చక్రం మీద అద్దమేమీ లేదు. ఊరికే తిరుగుతోంది. పిల్ల దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికెళ్ళాక అమ్మడు చెప్పులు కూడా విప్పకుండా తల్లిని అడిగింది. “నీకు తెలుసా?”

తల్లి మొగుడి వైపు చూసి, నేల చూసింది. “తెలుసు.”

“కంటి డాక్టరుకి?”

“చెప్పలేదు. పెద్దాసుపత్రి డాక్టరుకి తెలుసు.”

“నాన్నకి?”

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

“అంటే నాకొక్కదానికే తెలీదన్నమాట. నా చెయ్యి సంగతి.” తర్వాత తండ్రి వైపు తిరిగింది. “నాకూ నీలాగే అవుతుందా?”

“అవాలని లేదు తల్లీ. ఇంతటితో ఆగిపోవచ్చు. డాక్టరు చెప్పాడు. చాలామందికి ఆగిపోతుందట.”

“ఇది కథా, నిజమా?”

“నిజం. ఒట్టు.”

అమ్మడు చాలాసేపు ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది. “ఇది కూడా బాగుంది నాన్నా,” అంది. “తేనెటీగల కంటే బాగుంది.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అంత నిజం ఆయన జన్మలో చెప్పలేదు. దానికి గిరాకీ లేకుండా పోయింది.

సూట్‌కేసావిడ అన్నట్టే మర్నాడు పొద్దున్నే బండెక్కింది. నిజం మాత్రం ఎక్కలేదు. ఆ రాత్రి ఆవిడ బస చేసింది అదే వీధి చివర టైలరమ్మ ఇంట్లో, ఇద్దరూ సొంత అక్కచెల్లెళ్ళు. అద్దాలాయన ఏ ఊరు, ఎవరింటికి అని అడగనే లేదు. బండెక్కాలి అన్న మాట దగ్గరే ఆయన చెవులు మూసుకుపోయాయి. చెల్లెలు అక్కతో చెప్పింది, పాపం, ఎంత మంచి పిల్లో అని కళ్ళనీళ్ళు పెట్టుకునే చెప్పింది. అక్క కొలతలివ్వడానికొచ్చిన వాళ్ళతో చెప్పింది. వాళ్ళు కుట్టిన బట్టలతో పాటు మాటని కూడా ఇంటికి పట్టుకెళ్ళారు. నాలుగు రోజుల్లో వీధి వీధంతా ఆరా తీసింది. “మరి పిడుగన్నాడే?” “పిడుగా, పాడా! వంశంలోనే ఉందట. పిల్లకి కూడా వచ్చేసిందట. మోచేతి దగ్గర. చూశావా?” “నే చూళ్ళేదు. నువ్వు?”

చూడాలి కదా మరి.

అయిదో రోజు సాయంత్రం అద్దాలాయన కొట్టు గుమ్మంలో నిలబడి ఉండగా, రోడ్డుకి అవతల బస్సుల దగ్గర అమ్మడు కనిపించింది. చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు. ఒకావిడ పిల్ల మణికట్టు పట్టుకుని చొక్కా చెయ్యి పైకి తోస్తోంది, బజార్లో కూరగాయ తొడిమ తీసి చూసినట్టు. ఇంకొకావిడ వంగి చూస్తోంది. పిల్ల పెనుగులాడలేదు. ఏడవలేదు. చెయ్యి వాళ్ళకే వదిలేసి, ఎటో చూస్తూ నిలబడింది. ఆ నిలబడడం అద్దాలాయనకి తెలుసు. తరగతిలో చొక్కా పైకెత్తినప్పుడు తను అలాగే నిలబడేవాడు, వీపు తనది కానట్టు.

అటూ ఇటూ చూసుకోకుండా రోడ్డు దాటాడు. బళ్ళవాళ్ళు తిట్టారు. దగ్గరికెళ్ళేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. నలభయ్యేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

“ఏంటమ్మా, నా కూతురి చేతిలో తేనె తీస్తున్నారా? జాగ్రత్త, ఈగలు లేస్తాయి! మొన్న తేనెపట్టు దగ్గరికి నాతో పాటు వస్తానంటే…”

ఎవరూ నవ్వలేదు. మణికట్టు పట్టుకున్నావిడ మెల్లగా చెయ్యి వదిలేసి, ఆయన భుజం తట్టింది.

“ఊరుకో అన్నయ్యా. మాకంతా తెలుసులే. ఎందుకు నీకీ అవస్థ.”

ఎంతో దయగా అంది. కొట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి అమ్మడు బడికి వెళ్ళలేదు. కడుపునొప్పన్నది. తర్వాత తలనొప్పన్నది. తర్వాత ఏమీ అనడం మానేసి, గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. తొమ్మిదో రోజు కంటి డాక్టరు కూడా వచ్చి కుర్చీలో కూర్చుని, ధైర్యం గురించి పావుగంట మాట్లాడాడు. పిల్ల మర్యాదగా విన్నది. ఆయన వెళ్ళాక తండ్రిని పిలిచింది.

“నాన్నా, చూపు లేనివాళ్ళకి చూపొచ్చే అద్దాలు చేస్తావు కదా.”

“చేస్తాను తల్లీ.”

“చూపున్న వాళ్ళకి పోయే అద్దాలుంటాయా?”

ఆయన పిల్ల పక్కన కూర్చున్నాడు. “ఉంటాయని ప్రత్యేకంగా ఏం లేదు. తప్పు నంబరు వేస్తే చాలు.”

“పుస్తకం కనపడాలి. నల్లబల్ల మీదివి పక్కమ్మాయి దాంట్లో చూసి రాసుకుంటాను. మనుషులు కనపడకూడదు. అలా వస్తుందా?”

“ఎందుకే…”

“వాళ్ళు చూడ్డం నేనాపలేను. వాళ్ళు చూస్తుంటే నేను చూడ్డం ఆపొచ్చు కదా. చేస్తే బడికెళ్తాను. లేకపోతే లేదు.”

“తలనొప్పొస్తుందే. పడిపోతావే.”

“పడిపోతాను. పడిపోతే ఏమైంది?”

మూడు రోజులు ఆయన ఆ మాట విననట్టే తిరిగాడు. నాలుగో రోజు అరగదీసే గదిలోకి వెళ్ళి తెర దించుకున్నాడు. ముసలివాళ్ళకి సూదిలో దారం ఎక్కించుకోవడానికి ఇచ్చే నంబరు తీశాడు. దాన్ని మంచి చూపున్న పిల్లకి పెడితే, జానెడు దూరం దాకా అంతా బాగానే ఉంటుంది. జానెడు దాటితే లోకమంతా పొగ. చుక్క పెట్టుకోలేదు. తప్పు అద్దానికి సరైన చోటంటూ ఏముంటుంది? ముప్ఫయ్యేళ్ళలో ఆయన చేతుల్లోంచి వెళ్ళిన మొదటి తప్పుడు జోడు అది. అంచులు మాత్రం ఎవరికీ చెయ్యనంత జాగ్రత్తగా నునుపు చేశాడు, పిల్ల చెంపకి గుచ్చుకోకుండా.

భార్య ఆ జోడు చూసి చేతిలోకి తీసుకుంది, కళ్ళకి పెట్టుకుని చూసింది, తీసేసింది. “మీ చేతులతో మీరే చేశారా?” అంది. ఇంకేమీ అనలేదు. టిఫిను డబ్బాకి మూత పెట్టింది.

పొద్దున్న ఎనిమిదిన్నరకి తండ్రీ కూతురూ బయల్దేరారు. అమ్మడు జోడు పెట్టుకుని గుమ్మం దాటింది. మొదటి మెట్టు దగ్గర కాలు గాల్లో వెతుక్కుంది. ఆయన చెయ్యి పట్టుకోబోతే వద్దంది. ఆయన చొక్కా చివర పట్టుకుంది.

“మెట్టు. ఇంకోటి. ఇప్పుడు చదును. ఎడమ పక్క కాలవుంది, నా వెనకే రా.”

వీధి నిండుగా ఉంది. బడి వేళ, ఆఫీసుల వేళ. టైలరమ్మ మిషను తొక్కడం ఆపింది. పాలబండి వాడు బ్రేకు వేశాడు. బస్సుల దగ్గర నిలబడ్డ వాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఒక తల్లి వేలు చూపిస్తున్న పిల్లాడి చెయ్యి కిందికి లాగి, తను మాత్రం మెడ తిప్పి తిప్పి చూసింది. ముందు ఆయన మొహాన్ని. వెంటనే వెనక ఉన్న పిల్లని. ఆ మొహం మీంచి ఈ మొహం మీదికి, మళ్ళీ ఆ మొహం మీదికి, కొలతలు సరిచూసుకుంటున్నట్టు. ఇన్నేళ్ళూ ఆ చూపులు తన దగ్గరే ఆగిపోవాలని అడ్డం నిలబడ్డవాడు. ఇప్పుడు అవి ఆయన్ని దాటుకుంటూ వెనక్కి పోతున్నాయి. ఆయన కుడికన్ను ఒక్కదానికే అన్నీ కనపడుతున్నాయి.

అమ్మడు తల ఎత్తుకునే నడుస్తోంది. ఎన్నాళ్ళకో అలా నడిచింది.

“నాన్నా, ఎవరైనా చూస్తున్నారా?”

“లేదు తల్లీ. వీధిలో ఎవ్వరూ లేరు. ఖాళీగా ఉంది.”

అమ్మడు నాలుగడుగులు వేసింది. వెనక హారన్లు, పక్కన అరుపులు, ఎవరో ఆడమనిషి “అదిగో, ఆ పిల్లే” అన్న మాట.

“మరి ఈ చప్పుళ్ళన్నీ ఎవరివి నాన్నా?”

ఆయన నోరు తెరిచాడు. పిడుగులు, పుచ్చకాయలు, తేనెటీగలు, ఎన్నో ఉండేవి అక్కడ. ఒక్కటి కూడా రాలేదు.

“గుంట,” అన్నాడు కాసేపటికి. “చూసుకుని అడుగెయ్యి.”